ఆగడం ఆయన పని

పెద్దలకీ, పిల్లలకీ, నా పాత రోడ్డుపని గ్యాంగు వాళ్ళకీ నమస్కారం.

రోలరు నిలబెట్టే ఈ షెడ్డులో ఇంతమందిని నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలు చాలక కొందరు తారు పీపాల మీద కూర్చున్నారు. కొందరు గోడ పక్కన నిలబడ్డారు. ఆ గోడకు ఆనుకోకండి, గ్రీజు ఇంకా అంటుతుంది. పని అయ్యాక ఆయన చేతులు ఆ గోడకే తుడుచుకునేవాడు. మేస్త్రీ పక్కనే గుడ్డ వేలాడదీశాడు. గుడ్డ తెల్లగా అలాగే ఉండిపోయింది, గోడ మాత్రం నల్లబడింది. మొన్న ఎవరో వచ్చి, సంతాప సభ పెడుతున్నారు కదా, సున్నం వేయిద్దామా అన్నారు. వద్దన్నాను. ఆ వేళ్ళ గుర్తులు ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి.

నాకు ముందు మాట్లాడినవాళ్ళు బాగా మాట్లాడారు. నాకు అంత మాట రాదు. కాగితం మీద రాసుకొచ్చాను, చూసి చదువుతాను.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఆఫీసు వాళ్ళు తప్ప ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ నిదానం. చిన్నవాళ్ళకు నిదానం మామ. నాకు నిదానం అన్న. రోలరు నడిపేవాడు కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. రోలరు ఎక్కక ముందు నుంచీ ఆయన అంతే. టీ చల్లారి మీగడ కట్టాక తాగేవాడు. ఏదైనా అడిగితే, అడిగినవాడు తాను అడిగిన సంగతి మరిచిపోయాక జవాబిచ్చేవాడు. తన పెళ్లికి తనే ఆలస్యంగా వెళ్ళాడు. వదిన ఇన్నేళ్ళూ ఆ మాట అని మమ్మల్ని నవ్వించింది. "ఈయన పెళ్లికి రోలరు మీద బయల్దేరి ఉంటాడు. లేకపోతే నడిచి వచ్చినా అంత ఆలస్యం కాదు" అనేది. ఆయన వినేవాడు. కాసేపయ్యాక, "వచ్చానా లేదా" అనేవాడు. అంతే. అంతకు మించి తగవు లేదు వాళ్ళిద్దరికీ.

అలాంటి మనిషి జబ్బుచేసి పోలేదు. వయసు మీద పడి పోలేదు. ఇద్దరు కుర్రాళ్ళు పందెం వేసుకుని కార్లు తోలుతుంటే, అందులో ఒక కారు గుద్ది పోయాడు. నేను పక్కనే ఉన్నాను. చూశాను.

పోలీసులు నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన కేసు కింద రాశారు. ప్లీడరు గారు అది చాలదంటున్నారు. దీన్ని హత్య కేసుగా మార్చమని కోర్టును అడగవచ్చట. అడగాలంటే వదిన అర్జీ మీద సంతకం పెట్టాలి. వదిన ఇంకా పెట్టలేదు. మొన్న నన్ను పిలిచి కూర్చోబెట్టి అడిగింది. "జెండా, బతుకంతా ఆయన ముందు నడిచావు. ఆయనే అయితే ఏమనేవాడు?"

వదినా, జవాబు చెప్పకుండా లేచి వచ్చేశాను. ఆ జవాబు చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను. కాస్త చుట్టు తిరిగి వస్తాను. అందరూ ఓపిక పట్టండి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, గబగబా రాలేను.

నన్ను జెండా అని ఎందుకంటారో ఇక్కడి పిల్లలకు తెలియదు. రోలరు రోడ్డు మీద కదిలితే ముందు ఒక మనిషి ఎర్రగుడ్డ పట్టుకుని నడవాలి. ఎదురొచ్చేవాళ్ళను తప్పించాలి. పిల్లలనూ మేకలనూ పక్కకు తోలాలి. అదే నా ఉద్యోగం. ఎర్రగుడ్డ చేతిలో, చూపు ముందుకు, వీపు రోలరుకు. మీరొకసారి ఆలోచించండి. అంత బరువున్న ఇనుము మీ వెనకాలే వస్తుంటుంది. దాని చప్పుడు కాళ్ళకింద నేలలో తెలుస్తుంటుంది. మీరు మాత్రం వెనక్కి చూడకూడదు.

చేరిన కొత్తలో నేను చూసేవాణ్ణి. నాలుగడుగులు వేయడం, వెనక్కి చూడటం. వంకర టింకరగా నడిచేవాణ్ణి. గ్యాంగు ఆడవాళ్ళు గంపలు దించి మరీ నవ్వేవాళ్ళు. "అదేంటయ్యా, కొత్త పెళ్లికూతురు పుట్టిల్లు చూసుకున్నట్టు చూస్తావు" అనేవాళ్ళు. నిదానం అన్న నవ్వలేదు. రోలరు ఆపి, దిగి వచ్చి, నా పక్కన నిలబడి చెప్పాడు. "వెనక్కి చూస్తే నీకు ముందు ఏముందో కనపడదు. ముందు చూసే పని నీది. నిన్ను చూసే పని నాది. నా మీద నమ్మకం లేదంటావా, రేపటి నుంచి కంకర మొయ్యి. అందులో వెనక రోలరు ఉండదు."

కంకర మోయలేను కాబట్టి నమ్మాను. మొదట అంతే. తర్వాత నమ్మకం దానంతట అదే వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను.

ఎండాకాలం. కొత్తగా పోసిన తారు మెత్తగా ఉంది. నా చెప్పు అందులో అతుక్కుంది. కాలు ముందుకు పోయింది, చెప్పు రాలేదు, నేను బోర్లా పడ్డాను. లేవబోతే మోచేయి అంటుకుంది. ఆ క్షణంలో వెనక చప్పుడు ఆగిపోయింది. తల తిప్పి చూశాను. రోలరు చక్రం నా కాలికి మూరెడు దూరంలో ఉంది. తారు అంటకుండా దాని మీద పోసిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

ఆయన దిగాడు. ఒక్క మాట తిట్టలేదు. నా చెయ్యి పట్టి లేపాడు. తారులోంచి చెప్పు పీకి నా చేతిలో పెట్టాడు. తర్వాత రోలరు వెనక్కి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాకపోతే వెళ్ళి చూశాను. చక్రం పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. పడ్డది నేను, భయపడ్డది ఆయన. "అన్నా, తప్పు నాది, చూసుకోలేదు" అన్నాను. నోరు కడుక్కుని అన్నాడు. "ఎవడైనా పడతాడు. నడిచేవాడన్నాక పడతాడు. ఆగడం నా పని."

అయ్యలారా, అమ్మలారా, ఆ ఒక్క మాట మీద నేను నా బతుకంతా వెనక్కి చూడకుండా నడిచాను.

ఆయన ఆగడం గురించి చెప్పుకుంటే మా గ్యాంగు వాళ్ళకు తెల్లవార్లూ సరిపోదు. ఒకసారి ఆసుపత్రి ముందు రోడ్డు వేస్తున్నాం. అప్పుడే పరిచిన కంకర మీద ఒక కుక్క వచ్చి పడుకుంది. నేను అదిలించాను. కన్ను తెరిచింది, మూసింది. ఒంటి నిండా గాయాలున్నాయి, లేవలేకపోయింది. నిదానం అన్న రోలరు ఆపేసి, దిగి, నీడలో కూర్చున్నాడు. మేస్త్రీ అరుచుకుంటూ వచ్చాడు. "ఇంజనీరు గారు వచ్చే వేళయింది. కుక్క కోసం రోలరు ఆపుతావా? ఏం, నీకు మేనత్త కూతురా?" అన్నాడు. ఈయన బీడీ వెలిగించుకున్నాడు. సగం బీడీ అయ్యాక జవాబొచ్చింది. "దాన్ని ఎత్తుకుని పక్కన పెట్టు, పోనిస్తాను. కరిస్తే ఆసుపత్రి ఎదురుగానే ఉంది."

మేస్త్రీ ఎత్తలేదు. చివరికి నేనూ, నీళ్ళు పోసే అవ్వా గోనెసంచి మీద దాన్ని జరిపాం. ఇంజనీరు గారు వచ్చి, రోలరు ఎందుకు నిలబడిందని అడిగారు. మేస్త్రీ ఆలోచించి, "దానికి కొంచెం ఒంట్లో బాగాలేదండి" అన్నాడు. రోలరుకు అనుకుని ఆయన మెకానిక్కును పంపారు. ఆ సంగతి తలుచుకుని మేం వానలు పడేదాకా నవ్వుకున్నాం.

మీరు నవ్వుతున్నారు. మంచిదే. ఆయన సభలో నవ్వు వినపడకపోతే బాగుండదు. కానీ ఇప్పుడు చెప్పబోయేది నవ్వే సంగతి కాదు.

వదిన తమ్ముడు మా గ్యాంగులోనే తారు లారీ నడిపేవాడు. ఇవాళా వచ్చాడు. అదుగో, తలుపు దగ్గర కూర్చున్నాడు. తమ్ముడూ, ఈ సంగతి చెప్పనా అని పొద్దున నిన్ను అడిగాను. తల ఊపావు. అందుకే చెబుతున్నాను.

తారు వేడిగా ఉండగానే పని చోటికి చేరాలి. చల్లారితే పనికిరాదు. మేస్త్రీ తిడతాడు. తారు లారీ వాళ్ళకు ఎప్పుడూ తొందరే. ఒకరోజు పొద్దున ఈ తమ్ముడు మలుపులో వేగం తగ్గించలేదు. మలుపు అవతల కూరగాయల గంపతో ఒక ముసలమ్మ రోడ్డు దాటుతోంది. చూసేసరికి దగ్గరైపోయింది. బ్రేకు మీద నిలబడ్డాడు. లారీ ఆగింది, కానీ ఆమెను దాటాక ఆగింది. ఇతను పారిపోలేదు. ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. కాలుతున్న తారు రోడ్డు మీదే వదిలేశాడు. ఆమె బతకలేదు.

కేసు అయింది. ఆ పొద్దున లారీ బయల్దేరే ముందు బ్రేకులు చూసింది నిదానం అన్న. కాబట్టి ఆయన సాక్షి. అప్పుడు ఎంతమంది ఆయన ఇంటికి వచ్చారు! మేస్త్రీ వచ్చాడు, గ్యాంగు వచ్చింది, అత్తగారు వచ్చి ఏడ్చింది. అందరిదీ ఒకటే మాట. బ్రేకులు పని చేయలేదని ఒక్క మాట చెప్పు, కుర్రాడు బయటపడతాడు. నేనూ ఆ మాటే అన్నాను. ఆయన అందరి మాటా విన్నాడు. కోర్టులో మాత్రం, "బ్రేకులు బాగున్నాయండి. నేనే చూశాను. మావాడే వేగం తగ్గించలేదు" అన్నాడు.

తమ్ముడు జైలుకు వెళ్ళాడు. వదిన ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేది, కూతురికి చెప్పేది, నేను కనపడితే నాకు చెప్పేది. "జెండా, ఉప్పు అయిపోయిందని మీ అన్నకు చెప్పు" అనేది. ఆయన ఎదురుగానే ఉండేవాడు. ఆయన వెళ్ళి ఉప్పు తెచ్చేవాడు. సెలవు దొరికినప్పుడల్లా జైలుకు వెళ్ళి తమ్ముణ్ణి చూసి వచ్చేవాడు. వచ్చాక వంటింటి గడపలో నిలబడి, వాడు ఎలా ఉన్నాడో, ఏం తిన్నాడో అంతా చెప్పేవాడు. వదిన అటు తిరిగి వినేది. తమ్ముడు విడుదలైన రోజు జైలు గేటు దగ్గర నిలబడింది ఈయనే. ఇంటికి తీసుకొచ్చి, "ఇదిగో నీ తమ్ముడు" అని వదినకు అప్పగించాడు. ఆ పూట వదిన ఆయనతో మాట్లాడింది. ఏమందో మీకు తెలుసా? "ఇంత ఆలస్యమా" అంది. ఆయన ఎప్పటిలాగే, "వచ్చానా లేదా" అన్నాడు.

ఇందులో వదినకు కూడా తెలియని ముక్క ఒకటుంది.

తీర్పు వచ్చిన రోజు ఆ ముసలమ్మ కొడుకు కోర్టు మెట్ల మీద నిలబడి, "మా అమ్మను హత్య చేశారు" అని అరిచాడు. అది నిదానం అన్న మనసులో పడింది. ఆ వారంలోనే నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. చిన్న ఇల్లు. అరుగు మీద ఖాళీ గంప బోర్లించి ఉంది. కొడుకు మమ్మల్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మేం నిలబడ్డాం. అతను మళ్ళీ అదే మాట అన్నాడు. నిదానం అన్న కాదనలేదు. తల వంచుకుని విన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఊరుకోలేక అడిగాను. అన్నా, అది హత్యేనా అని. చాలా దూరం నడిచాం. మార్కెట్టు దాటాం, వంతెన దాటాం. అప్పుడు చెప్పాడు.

"తల్లి పోయినవాడు ఆ మాట అంటే అననివ్వాలి. మనం మాత్రం సరిగ్గా చూడాలి. మావాడు చూసేసరికి ఆలస్యమైంది. చూశాక ఆగడానికి చేయాల్సిందంతా చేశాడు. చూసి ఆగలేకపోవడం వేరు. చూసి ఆగకపోవడం వేరు. మావాడు చూసి కూడా ఆగకుండా పోయుంటే, నా ఇంటివాడని చూడను, హత్య అనే చెబుతాను."

వదినా, ఈ మాట నీకు చెప్పొద్దన్నాడు. మానిన పుండు గోకొద్దన్నాడు. ఇవాళ చెప్పక తప్పలేదు.

ఇక ఆ సాయంత్రం సంగతి.

పని మానేశాక కూడా మేమిద్దరం రోజూ నడిచేవాళ్ళం. మేం వేసిన రోడ్లే. ఈ మలుపులో ఎండకు తట్టుకోలేక ఫలానావాడు పడిపోయాడు, ఇక్కడ వాన వచ్చి తారంతా పాడైంది, ఈ బడి ముందు పిల్లలు రోలరెక్కుతామని వెంటపడ్డారు. ఇవే మా కబుర్లు. పాత రోలరును పార్కులో పెట్టారు కదా, దాని మీద పిల్లలు ఆడుకుంటుంటే బెంచీ మీద కూర్చుని చూసేవాడు. "దాని మీద ఇప్పుడు మన కంటే బరువైన పని జరుగుతోంది" అనేవాడు. నడిచేటప్పుడు నేను ముందు, ఆయన వెనక. పక్కపక్కన నడుద్దామంటే మా కాళ్ళు వినేవి కావు.

ఆ రోజు పాల డిపో దగ్గర రోడ్డు వారగా నడుస్తున్నాం. ఇంకా వెలుతురు ఉంది. రెండు కార్లు పక్కపక్కన దూసుకుపోయాయి. జనం చెల్లాచెదురయ్యారు. పాల డిపో ఆమె బయటికొచ్చి తిట్టింది. కాసేపటికి అవే కార్లు వెనక్కి తిరిగి వచ్చాయి. ట్రాఫిక్కు కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది, కార్లు పక్కనుంచి పోయాయి. మళ్ళీ తిరిగారు. మళ్ళీ వచ్చారు. ఈసారి ఇంకా వేగంగా.

ఒక కారుకు రోడ్డు మీద చోటు చాలలేదు. రోడ్డు దిగి మా వైపు వచ్చింది. దూరం నుంచే హారను. ఆపకుండా హారను. నడిపే కుర్రాడి మొహం నాకు కనిపించింది. నన్ను చూశాడు, నా వెనక ఆయన్ను చూశాడు. పక్క కారు వైపు తిరిగి చూశాడు. నవ్వుతున్నాడు. మమ్మల్ని చూసి కాదు, పందెం గెలుస్తున్నానని. నేను పక్కనున్న గోడకు అతుక్కున్నాను. వెనక ఆయన దగ్గర గోడ లేదు, మురుగు కాలువ ఉంది. ఎక్కడికి తప్పుకుంటాడు?

బ్రేకు చప్పుడు నేను వినలేదు. ఆయన పడ్డాక కూడా వినలేదు. కారు చాలా దూరం పోయాక ఆగింది. అప్పుడు ఆ కుర్రాడు దిగి, అద్దం పగిలిందేమో చూసుకున్నాడు.

ప్లీడరు గారు నాకు చట్టం చెప్పారు. హత్య అనాలంటే చంపాలన్న ఉద్దేశం ఉండాలని అవతలివాళ్ళు వాదిస్తారట. ఆ కుర్రాడికి మా అన్నతో పగేమీ లేదు, పేరు కూడా తెలియదు, ఇక ఉద్దేశం ఎక్కడిదంటారట. నేను బడిలో చదివింది తక్కువ. చట్టం నాకు తెలియదు. నేను అడిగేది ఒక్కటే. నేను తారులో పడ్డ రోజు నిదానం అన్నకు నా మీద పగ లేదు. నన్ను చూశాడు. చూసి కూడా, ఇంజనీరు గారు వచ్చే వేళయింది, రోడ్డు పూర్తి కావాలి అని రోలరు పోనిచ్చి ఉంటే, దాన్ని మీరేమనేవారు? నిర్లక్ష్యం అనేవారా? నా పిల్లల ముందు నిలబడి, పొరపాటు జరిగింది అనేవారా?

హారను కొట్టాడు అంటే మనిషి ఉన్నాడని తెలుసు. చేతికి తెలిసింది కాలికి తెలియదా? ఒకసారి జనం చెదిరిపోవడం చూశాడు. రెండోసారి పోలీసు చెయ్యి చూశాడు. మూడోసారి మమ్మల్నే చూశాడు. ఇన్నిసార్లు చూసినవాడు ఆగలేదు. వేగం పెంచాడు. నడిచేవాడు చస్తే చచ్చాడు, పందెం ముఖ్యం అనుకున్నాడు. ఎదుటి మనిషి ప్రాణాన్ని చూసి, లెక్కచేయనక్కరలేదని తేల్చుకోవడం ఉద్దేశం కాకపోతే మరేంటి?

ఆ కుర్రాణ్ణి ఉరి తీయమని నేను అడగను. వాడికీ అమ్మ ఉంది. ఆమెను కోర్టు వరండాలో చూశాను, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఎంత శిక్ష వేయాలో జడ్జీ గారు చూసుకుంటారు. చేసిన పనికి దాని పేరు పెట్టండి అంటున్నాను. అంతే.

వదినా, నువ్వు ఎందుకు సంతకం పెట్టలేకపోతున్నావో నాకు తెలుసు. ఆ కుర్రాడి తరఫు పెద్దమనుషులు నీ ఇంటికి వచ్చారు. చదువుకునేవాడు, భవిష్యత్తు పాడవుతుంది అన్నారు. నువ్వు ఒప్పుకోకపోతే చివరికి, "మీ తమ్ముడు కూడా చంపినవాడే కదమ్మా, అతను హంతకుడా మరి?" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నీకు నిద్ర లేదు. నాడు తమ్ముడికి ఒక న్యాయం, నేడు పరాయి పిల్లవాడికి ఒక న్యాయమా అని నిన్ను నువ్వే కొరుక్కు తింటున్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నీ తమ్ముడు మీ గడప తొక్కలేదు. ఇవాళ కూడా చూడు, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు.

నీ ప్రశ్నకు జవాబు ఇదీ వదినా. ఆయనైతే సంతకం పెట్టేవాడు. నీ తమ్ముడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన నోటితోనే, నీ తమ్ముడూ వీడూ ఒకటి కాదని చెప్పేవాడు. నీ తమ్ముడు తప్పు చేశాడు, ఆగాడు, ఎత్తుకున్నాడు, శిక్ష అనుభవించాడు, ఆ తర్వాత స్టీరింగు ముట్టలేదు. వీడు చూసి ఆగలేదు. ఈ రెండింటికీ ఒకే పేరు పెడితే ఇద్దరికీ అన్యాయమే. సంతకం పెట్టడం, పెట్టకపోవడం నీ చేతిలో ఉంది. నువ్వు ఏం చేసినా మేం నీ వెంటే ఉంటాం. నా వంతు నేను చేస్తాను. కోర్టు పిలిచిన రోజు వెళ్ళి, హారను విన్నాను, బ్రేకు వినలేదు అని చెబుతాను. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాను.

చాలాసేపు మాట్లాడాను. నా జన్మలో ఇంతసేపు మాట్లాడి ఎరగను.

ఇప్పుడు అందరం లేద్దాం. మోకాళ్ళు సహకరించనివాళ్ళు కూర్చునే ఉండండి, పరవాలేదు. టోపీలు, తలపాగాలు ఉంటే తీయండి. షెడ్డు తలుపు మూయొద్దు. బయట బండ్లు పోతుంటాయి, ఆ చప్పుడు మనకు వినపడాలి.

తమ్ముడూ, నువ్వు అక్కడ నిలబడకు. ముందుకు రా. దారివ్వండయ్యా, అతన్ని రానివ్వండి. మీ అక్క పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చి ఆమె పక్కన నిలబడు. నువ్వు వచ్చాకే మౌనం మొదలుపెడదాం.